క్రైస్తవ సంఘములు – ఆరోగ్య బీమా

ఒక మతమువారు తమలో దాము చందాలు వేసికొని, రోగము తగిలిన కుటుంబమును ఆ ధనముతో నాదుకొనుట ధర్మమే కాక సులభోపాయముగను దోచును. గుంటూరు, ప్రకాశము సీమలలో నూరూర క్రైస్తవ సంఘములు గలవు. ఆదివారమునాడు కూడుకొనుట, కానుకలెత్తుట, లెక్క వ్రాయుట వారికి దరతరములుగ నలవాటైన పనులు. కావున క్రైస్తవులకొఱకు క్రైస్తవులే యొక ఆరోగ్య బీమా కంపెనీని స్థాపింపరాదా యను ప్రశ్న సంఘక్షేమము గోరువారికి గలుగుట సహజము.

ఈ ప్రశ్న వట్టి వేడుకకు బుట్టినది కాదు. మన సీమలో మిరపకాయలు కోయు కూలి స్త్రీ గాని, ప్రత్తిచేలకు బురుగుమందు కొట్టు పాలేరు గాని నాలుగు దినములు జ్వరముతో మంచము పట్టినచో, ముందుగా నాలుగు దినముల కూలి పోవును. తరువాత వైద్యుని రుసుము, రక్తపరీక్షల ఖర్చు, మందుల వెల, పట్టణమునకు బోయివచ్చు బస్సు ఛార్జీలు మీదబడును. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి దెచ్చిన అప్పు, రోగము కుదిరిన పిమ్మటను గుదురదు. ఇట్టి యాపదను బదిమందికి బంచి తేలిక చేయుటయే బీమా. అది మతము పేర జరుగవచ్చునా, జరిగినచో నిలుచునా యన్నది విచారింపదగిన విషయము. దీనికి సమాధానము తర్కములో కంటె చరిత్రలో వెదకుట మేలు. ఆ చరిత్రలో గొంత భాగము గుంటూరులోనే జరిగినది.

1832–33 సంవత్సరములలో గుంటూరు సీమను డొక్కల కఱవు పీడించెను. జిల్లా జనములో నాలుగవవంతునకు దక్కువ గాకుండ నశించినట్లు ఆనాటి లెక్కలవలన దెలియుచున్నది. ఆ కఱవు గడచి పదేండ్లు నిండకమునుపే, 1842 జులై 31వ తేదీన, అమెరికా దేశపు లూథరను బోధకుడు హయ్యరు గుంటూరు చేరెను. కలెక్టరు హెన్రీ స్టోక్సు ఆయనకు దోడ్పడెను. కొలదికాలము పనిచేసిన పిమ్మట హయ్యరు స్వదేశమునకు మరలి, యేబదియేండ్లు దాటిన వయస్సున వైద్యవిద్య నభ్యసించి, 1847లో బాల్టిమోరు నగరమున వైద్యపట్టమును బొంది, మరల మన దేశమునకు వచ్చి పల్నాటిలో గురజాల చేరెను. బోధకు వచ్చినవాడు నడివయస్సు దాటి వైద్యము నేర్చుకొనవలసి వచ్చెనన్న, ఈ సీమలో జనులకేమి కొఱతయో ఆయన కన్నులార జూచెననుటకు వేఱు సాక్ష్యమక్కఱలేదు.

ఒంగోలు చరిత్రలో నింతకంటె ముఖ్యమైన ఘట్టమొకటి గలదు. బాప్టిస్టు బోధకుడు జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చెను. 1876–78 నాటి మహాక్షామమున జనులాకలిచే జచ్చుచుండగా, ఆయన బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గంట్రాక్టుకు దీసికొని, వేలకొలది కూలీలకు బనియిచ్చెను. భిక్ష గాక కూలి యిచ్చుట ఆయన చేసిన మొదటి మంచిపని. రెండవది యింతకన్న గొప్పది. కూలిడబ్బులు పంచుచున్నంత కాలము ఆయన యెవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. అన్నము కొఱకు వచ్చినవాడు మతము కొఱకు వచ్చితినని చెప్పుట కవకాశ మీయగూడదని ఆయన నియమము. కాలువ పని ముగిసిన తరువాతనే సంఘద్వారము దెఱచెను. అప్పుడు 1878 జులై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి యొద్ద, ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము బొందిరి. ఆ సంఖ్యను జెప్పుకొనువారు పెక్కుమంది గలరు. ఆ సంఖ్యకు ముందున్న నియమమును దలచుకొనువారు కొలదిమంది. మన ప్రశ్నకు ఆ నియమమే ముఖ్యము. సంఘములో జేరినవానికే వైద్యపు ఖర్చు దొరకునని చాటినచో, క్లౌ వేఱుగానుంచిన అన్నమును మతమును మనము మరల గలిపినవారమగుదుము.

గుంటూరునకు మరలుదము. 1883లో అన్నా సారా కుగ్లరు అను వైద్యురాలు పెన్సిల్వేనియా నుండి వచ్చెను. ఆమె 1879లోనే ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్యకళాశాలలో పట్టము బొందియున్నను, పంపినవారు మొదట నామెను వైద్యమునకు నియమింపలేదు, విద్యాబోధనకే పంపిరి. గుంటూరు స్త్రీలు ఆమెను వైద్యురాలిని జేసిరని చెప్పవచ్చును. పురుషవైద్యునకు జేయి చూపుటకే సిగ్గుపడు కుటుంబములనుండి పిలుపులు రాసాగెను. 1885లో ఆమెను వైద్యసేవకు నియమింపక తప్పినది కాదు. 1898లో గుంటూరులో స్త్రీలకును బిడ్డలకును వైద్యశాల తెఱవబడెను. ఏలూరు జమీందారు భుజంగరావుగారు తమ పత్నికి జరిగిన వైద్యమునకు గృతజ్ఞతగా, రోగుల బంధువులు దిగుటకు వైద్యశాల యెదుట సత్రము కట్టించిరి. ఆచారము గల హిందూ కుటుంబములవారు అందు విడిసి, వంట చేసికొని, తమ రోగులను జూచుకొనుట కవకాశము గలిగెను. కుగ్లరు 1930లో గుంటూరులోనే మృతినొందెను. ఆ వైద్యశాల క్రైస్తవులచే స్థాపింపబడినది; క్రైస్తవులకు మాత్రమే స్థాపింపబడలేదు. ఈ రెండు వాక్యములకు గల భేదమును చదువరులు మఱవకుందురు గాక.

కథోలికుల చరిత్రయు నిట్టిదే. హాలెండు దేశమునుండి యేసు మరియ జోజప్ప సభకు జెందిన కన్యస్త్రీలు 1904లో గుంటూరు వచ్చిరి. 1920లో మెల్బోర్ను నగరపు వైద్యురాలు మేరీ గ్లౌరీ వారితో గలిసెను. కన్యస్త్రీగా వ్రతము బూని వైద్యవృత్తి జేయుటకు ఆమె రోమునుండి ప్రత్యేకానుమతి పొందవలసివచ్చెను. రెండు దశాబ్దములు గుంటూరులో రోగులను జూచిన పిమ్మట, 1943లో ఆమె పదునాఱుగురు కన్యస్త్రీలను గూర్చి భారతదేశ కథోలిక వైద్యశాలల సంఘమును నెలకొల్పెను. ఆ సంఘము నేడు సికిందరాబాదు కేంద్రముగా దేశమంతట వ్యాపించియున్నది. ఒక్కొక్క వైద్యశాల విడివిడిగా నిలువలేదని, కలిసినచో నిలుచునని ఆమె గ్రహించెను.

ఈ విధముగా మన సీమలో వైద్యశాలలకు సంఘమేర్పడినది. రోగులకు మాత్ర మేర్పడలేదు. మిషను వైద్యశాలలలో బేదవాని ఖర్చును చిరకాలము సముద్రముల కావలి దాతలు భరించిరి. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరను సంఘ మేర్పడి పెత్తనము మనవారి చేతికి వచ్చెను. కాలక్రమమున విదేశ ధనము దగ్గెను. వైద్యమో, యంత్రములు పెరిగినకొలది ప్రియమయ్యెను. దాత దూరమైన తరువాత రోగులు తమకు దామే దాతలు కావలసియుండెను. ఆ యేర్పాటు పేరే బీమా. అది యిచట జరుగలేదు.

ఇతర దేశములలో జరిగినదా? జరిగినది. నేటి బీమా గణితమునకు బుట్టినిల్లు ఒక క్రైస్తవ సంఘమే యని చెప్పినచో నతిశయోక్తి కాదు. స్కాట్లండులో పాదిరి మరణించినచో నతని భార్యాబిడ్డలకు దిక్కులేకపోవుచుండెను. రాబర్టు వాలెసు, అలెగ్జాండరు వెబ్స్టరు అను నిద్దఱు పాదిరులు దేశములోని సంఘములన్నిటినుండి లెక్కలు దెప్పించిరి: ఏటికెందఱు పాదిరులు చనిపోవుచున్నారు, ఎందఱు వితంతువులు మిగులుచున్నారు, వారెన్నియేండ్లు జీవించుచున్నారు. 1693లో హేలీ యను ఖగోళశాస్త్రజ్ఞుడు ప్రకటించిన జననమరణ పట్టికను ముందుంచుకొని, మెక్లారిను అను గణితాచార్యునిచే సరిచూపించుకొని, 1744లో నొక నిధిని స్థాపించిరి. వీరి ప్రజ్ఞ యెందున్నదన, ఏటికేడు వచ్చిన చందాను ఆ యేటి వితంతువులకు బంచివేయక, నిలువచేసి వడ్డీకి వేసి, రాబోవు బాధ్యతకు దగినంత ధనము ముందుగా గూర్చిరి. దానమునకును బీమాకును గల యంతర మిదియే. దానము నేటి కన్నీరు తుడుచును. బీమా రేపటి లెక్క వేయును.

అమెరికాలో లూథరను మతస్థులు 1902లో విస్కాన్సిను రాష్ట్రమునను, 1917లో మిన్నెసోటాలోను పరస్పర సహాయ బీమా సంఘములను స్థాపించిరి. ఆ కాలమున వారిలోనే కొందఱు బోధకులు, బీమా చేయుట దైవమునందు విశ్వాసము లేకపోవుటయే యని యాక్షేపించిరి. మన యూళ్లలోను ఈ మాట వినబడుట కలదు. పంట కోసినవాడు గింజలను విత్తనమునకు దీసియుంచుట దైవద్రోహమైనచో, ఇదియు ద్రోహమే. ఆ రెండు సంఘములును 2001లో నేకమై, 2013లో లూథరనులు కాని క్రైస్తవులకును ద్వారము దెఱచెను. శాఖాభిమానముతో మొదలైనది వందేండ్లలో గోడ కొంత వెనుకకు జరుపుకొనవలసివచ్చెను.

అమెరికాలోనే 1981 మొదలు వేఱొక పద్ధతి పుట్టినది. క్రైస్తవులు కొందఱు నెలనెల ధనము వేసికొని ఒకరి వైద్యఖర్చు నొకరు భరించుట. వీరు తమది బీమా కాదని తామే స్పష్టముగా జెప్పుదురు. 2010 నాటి ఆరోగ్యచట్టమందు, 1999కి ముందునుండి యున్న యిట్టి సంస్థల సభ్యులకు, బీమా తీసికొనని వారికి విధించిన జరిమానా నుండి మినహాయింపు గలిగెను. వీనివలన మేలు పొందినవారు చాలమంది గలరు. కాని బీమా కాదన్నప్పుడు ఇచ్చితీరవలెనను బాధ్యతయు లేదు, నిలువధన ముంచవలెనను నిర్బంధమును లేదు. ముందునుండి యున్న రోగములకు బెక్కుచోట్ల నిబంధనలు గలవు. 2021లో నిట్టి సంస్థ యొకటి దివాలా తీయగా, ఎన్నో కుటుంబముల వైద్యశాల బిల్లులు చెల్లకయే మిగిలెను. విశ్వాసము మీద నిలిచిన సంస్థ పడిపోయినపుడు ధనముతోపాటు విశ్వాసమును బడిపోవును.

మన దేశమున నిట్టి పాఠము మఱి ముందుగనే నేర్చితిమి. స్వదేశోద్యమకాలమున బుట్టగొడుగులవలె ప్రావిడెంటు సొసైటీలు పుట్టెను. చందాదారులు వేసిన సొమ్మును, ఆ కాలములో నాపద వచ్చినవారికి వంతులు వేసి పంచుట వానిలో బెక్కింటి పద్ధతి. ఇంత యిత్తుమని ముందుగా జెప్పుట లేదు, ఉన్నంతలో బంచుదురు. మొదట జేరినవారికి లాభము, చివర మిగిలినవారికి శూన్యము. 1912లో రెండు చట్టములు చేసి వీనిని గొంత యదుపులో బెట్టిరి. 1938 నాటి బీమా చట్టము 52వ విభాగమున నీ వంతుల పద్ధతినే నిషేధించెను. మన ప్రాంతమున భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు, మద్రాసు క్రైస్తవ కళాశాలలో జదివి వైద్యులై, బందరులో 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్స్యూరెన్సు కంపెనీని స్థాపించిరి. ఆ కంపెనీ పేరులో ఆంధ్ర శబ్దమున్నదే కాని, కులమతముల పేరు లేదు. 1956లో జీవిత బీమాయు, 1973 నుండి తక్కిన బీమాయు బ్రభుత్వము వశమయ్యెను. 1986లో మెడిక్లెయిము అను ఆరోగ్య పాలసీ వచ్చెను. 1999 నాటి చట్టము వలన బ్రైవేటు కంపెనీలకు మరల ద్వారము దెఱవబడెను. ఆరోగ్య బీమాకు మాత్రమే ప్రత్యేకింపబడిన మొదటి కంపెనీ 2006లో బయలుదేరెను.

ఇప్పుడెవరైన నట్టి కంపెనీ స్థాపింపవలెనన్నచో నియమములు కఠినములు. మూలధనమే నూఱు కోట్ల రూపాయలకు దక్కువ గాకూడదు.  బాధ్యతలకు మించి యుండవలసిన మిగులుధనమును జట్టము గణించును. అందుకు ఒకటిన్నర రెట్లు ఎల్లప్పుడు నిలువయుండవలెను. కుటుంబమునకు వేయి రూపాయల చొప్పున వేసినచో, నూఱు కోట్లు కూడుటకే పది లక్షల కుటుంబములు కావలెను. అదియు రోగులకు బంచుటకు గాదు, తలుపు దెఱచుటకు మాత్రమే.

ఇది పేదలపై బెట్టిన యనవసరపు నిర్బంధమని కొందఱు తలంపవచ్చును. కాదని చిన్నలెక్క చూపును. ఒక సంఘములో 200 కుటుంబములున్నవనుకొందము. ఏటికి నూఱు కుటుంబములలో నొకదానికి రెండు లక్షల రూపాయల పెద్దవైద్యము తప్పదనుకొందము. అందఱును రెండువేల చొప్పున నిచ్చినచో నాలుగు లక్షలు కూడును. ఇద్దఱు రోగులకు సరిపోవును. కాని రోగము సగటు చూచి రాదు. ఇద్దఱు రావలసినచోట నొకయేడు ఒక్కరును రాకపోవచ్చును. మఱియొకయేడు నలుగురు రావచ్చును. గణితము ననుసరించి, నలుగురు గాని అంతకెక్కువ గాని వచ్చు సంవత్సరము సుమారేడేండ్లకొకటి యుండును. ఆ యేడు ఎనిమిది లక్షలు కావలెను, పెట్టెలో నాలుగు లక్షలే యుండును. అప్పుడెవరికిచ్చి యెవరికి మానుదురు? పెద్దకాపు కొడుకునకా, మాలపల్లి వితంతువునకా? సంఘము చీలుట కంతకన్న గారణ మక్కఱలేదు. అదే 20,000 కుటుంబములు గలిసినచో, రాదగిన రోగులు 200 మంది. చెడ్డ యేటను 230 దాటుట యరుదు. నాలుగు కోట్ల చందాకు తోడు అఱువది లక్షల నిలువ యున్నచో నించుమించుగ నెన్నడును మాట తప్పవలసిన పనియుండదు. రోగులు నూఱు రెట్లయినను భయము నూఱు రెట్లు గాదు; తగ్గినది. బీమా యొక్క రహస్యమంతయు నిందే గలదు.

లెక్కలో మఱియొక మెలిక గలదు. పై గణితము, ఒకని యాపద మఱియొకని యాపదకు సంబంధింపనిదను నమ్మకముపై నాధారపడినది. మన సీమలో నొకే సంఘమువారు సాధారణముగ నొకే పేటవారు, ఒకే పొలములలో గూలికి బోవువారు, ఒకే చెఱువు నీరు త్రాగువారు. చెఱువు చెడినచో నందఱి కడుపులును జెడును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన యుప్పెన గుంటూరు జిల్లా తీరగ్రామములనును గొట్టెను. 1987–88లో తెల్లదోమ వలన బ్రత్తి నాశనమై గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులు కొందఱు ప్రాణములు దీసికొనిరి. రైతు చెడిన యేడు కూలివాని చందాయు గట్టబడదు. ఇందఱును నొకే సంచిలో దాచిన సొమ్ము, అందఱికి నొక్కమాఱుగ గావలసి వచ్చును. కావున నిధి యెంత దూరమువారిని, ఎన్ని వృత్తులవారిని, ఎన్ని మతములవారిని గలుపుకొన్న నంత భద్రము. గోడ కట్టుకొన్నకొలది యిల్లు బలహీనమగు విచిత్రము బీమాలోనే చూడనగును.

ఇక నన్నిటికంటె బాధాకరమైన విషయము. 1950 నాటి షెడ్యూల్డు కులముల యుత్తరువు ప్రకారము, మొదట హిందువులకును, 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును మాత్రమే ఆ కులముల హక్కులు వర్తించును. క్రైస్తవమతము స్వీకరించినవారికి వర్తింపవు. మన రాష్ట్రమున నట్టివారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ విభాగమున జేర్చి నూటికొక్క వంతు రిజర్వేషను మాత్రమే యిచ్చియున్నారు. దేవాలయము మారినంతమాత్రమున పల్లెలో వాని బావి మారలేదు, బాట మారలేదు. హక్కు మాత్రము మారినది. అందుచే ఆదివారము ప్రార్థనకు బోవువారిలో ననేకులకు గాగితము మీద వేఱొక పేరు, వేఱొక మతము గలవు. దీనిని మోసమనువారు గలరు. దీనిని దెచ్చిపెట్టిన యన్యాయము మీద వారి దృష్టి పడదు. క్రైస్తవులకు మాత్రమే బీమా యన్నప్పుడు, దరఖాస్తులో ‘నేను క్రైస్తవుడను’ అని సంతకము చేయవలెను. మిక్కిలి బీదవానికి, మిక్కిలి యవసరము గలవానికి, ఆ సంతకమే ధ్రువపత్రమునకు శత్రువగును. తండ్రి వైద్యమునకు జేసిన సంతకము కొడుకు చదువును గొనిపోవచ్చును. సంపన్నుడైన క్రైస్తవునకు మాత్ర మీ భయము లేదు. అనగా, పేదల పేర బుట్టిన కంపెనీ పేదలకే యందరానిదగును.

అట్లైన సంఘములకు జేయదగిన పని లేదా? చాల గలదు. 2007 ఏప్రిల్ 1న మొదట మూడు జిల్లాలలో బ్రారంభమై, పిమ్మట రాష్ట్రమంతటికి వ్యాపించిన ఆరోగ్యశ్రీ, నేటి ఎన్టీఆర్ వైద్యసేవ, శస్త్రచికిత్సలవంటి పెద్ద వైద్యములను బేదకుటుంబములకు దెచ్చెను. మత మడుగదు. మనము పైని వేసిన లెక్కలో భయపెట్టిన రెండు లక్షల ఖర్చును మోయదగినది అట్టి విశాలమైన నిధియే. కాని పట్టికలో లేని రోగము, నిత్యజ్వరము, నెలనెల మధుమేహపు మాత్రలు, పోయిన కూలి, రోగితో గూడ పట్టణములో నుండువాని భోజనము – ఇవి యందు బడవు. మొదట జెప్పిన కూలి స్త్రీని అప్పులపాలు చేయునవి యివియే. ఇవి చిన్నఖర్చులు, ఇరుగుపొరుగుల కన్నులయెదుట జరుగునవి, వీనికి రెండువందల కుటుంబముల నిధి చాలును.

అనుభవమునకును గొఱత లేదు. ఛత్తీసుగఢ్ ప్రాంతమున రాయగఢ్–అంబికాపూరు కథోలిక ఆరోగ్య సంఘము 1980 ప్రాంతమునుండి గ్రామవైద్యశాలల నాశ్రయించి చిన్న చందాలతో వైద్య బీమాను నడపెను. సేవాగ్రామములోని కస్తూరిబా ఆసుపత్రి ఇంచుమించుగ నదే కాలమున రైతులనుండి చందాగా జొన్నలు తీసికొనెను. కోతలనాడు గింజ యిచ్చుట పేదకు సులభము. వానకాలమున రూపాయి యిచ్చుట కష్టము. మిరపకల్లముల కాలమున నొకమాఱు చందా తీసికొనుట మన సంఘములకును దగియున్నది. కర్ణాటకలో 2003లో యశస్విని పథకము సహకార సంఘముల రైతులను నెలకైదు రూపాయల చొప్పున జేర్చుకొని శస్త్రచికిత్సలు చేయించెను. ఇందొకదానిలో మతసంస్థయు, ఒకదానిలో వైద్యశాలయు, ఒకదానిలో సహకార సంఘమును ముందు నిలిచెను. జనులను గూర్చుటకు ముందునుండి యున్న నమ్మకము వాడుకొనిరి. అందువలన రోగము వచ్చినవాడే చేరి యారోగ్యవంతుడు దూరముగ నిలుచు చిక్కు కొంత తప్పినది. సంఘమునకు గల నిజమైన బలమిదియే: అందఱు నొక్కమాఱు చేరుదురు, ఎవడు నిజముగ రోగియో అందఱికి దెలియును, చందా వసూలుకు ఏజెంటు జీతమక్కఱలేదు.

కావున నా మనవి యిది. సంఘములు కంపెనీ పెట్టవద్దు. చిన్నఖర్చులకు బల్లె బల్లెకు సహాయనిధి నుంచి, దానిని బీమా యని పిలువక సహాయమనియే పిలువవలెను. పెద్దఖర్చునకు ప్రభుత్వపథకము చాలనిచోట, పలు సంఘములు గలిసి, చట్టప్రకారము నమోదైన బీమా కంపెనీతో సామూహిక పాలసీ మాటలాడవలెను. బీమా కొఱకే పుట్టిన సమూహము పనికిరాదని నియమము గలదు గాని, సంఘములు బీమా కొఱకు బుట్టలేదు గదా. నిధిపెట్టె పాదిరి చేతిలో నుండరాదు. బోధించువాడొకడు, లెక్క వ్రాయువాడొకడు, లెక్క చూచువాడు బయటివాడొకడు కావలెను. చర్చి యాస్తుల తగాదాలు న్యాయస్థానముల కెక్కుట చూచిన మనకు దీని యగత్యము వేఱుగ జెప్పనక్కఱలేదు. ఏటికొకమాఱు ఆయవ్యయములను జదివి గోడకంటింపవలెను. చేరుటకు మత మడుగరాదు. ప్రక్క యింటి మహమ్మదీయుడు గాని, ఎదుటి వీధి హిందువు గాని చందా యిచ్చినచో దీసికొనవలెను, రోగము వచ్చినచో నీయవలెను.

ఇట్లు చేసినచో నిది క్రైస్తవుల బీమా యెట్లగునని యడుగువారుందురు. కుగ్లరు వైద్యశాల యెట్లు క్రైస్తవుల వైద్యశాలయో అట్లే యగును. దాని మంచములమీద బండుకొన్నవారి మతమువలన గాక, దానిని గట్టినవారి నడవడివలన దాని కా పేరు వచ్చినది. దాని యెదుట నొక హిందూ జమీందారు సత్రము కట్టించెనన్న, లోపలివారు తలుపు మూయలేదని యర్థము. ఆ తలుపు మూసియున్నచో గుంటూరునకు వైద్యశాలయు నింతగా నుపయోగపడదు, సత్రమును లేదు.